పిడి

గ్రాసియేత్ లొజాద పేరు కింద
మా మ్యూజియం చిట్టాలో ఉన్నవి నూట నలభై మూడు పిడులు.
గరిటె లేదు, గరిటె పిడి ఉంది.
కత్తి లేదు. గొడుగు లేదు. ఇస్త్రీపెట్టె లేదు.
చెయ్యి పట్టినంత మేరే ఉంచుకుని
మిగతాది గాలికి వదిలేసింది.

నేను బీమా గుమాస్తాని.
ఒక్కోదానికీ వెల కట్టడం నా పని.
అరిగిన చోట వెల తగ్గించాలని నియమం.
ఈవిడ దగ్గర అరగని చోటే లేదు.

మతొజీన్యుష్ రేవులో
సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు ఆమెకి పందొమ్మిది.
చేపల తలలు కోసే ఆడవాళ్ళు కత్తులన్నీ
గేటు దగ్గర గోనెసంచిలో పడేసి వెళ్ళిపోతే
ఆ సంచిని సైకిలు మీద ఇంటికి తెచ్చుకుంది.
ముప్ఫై ఒక్క కత్తులు,
ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి.
ఏ రెండూ ఒకలా లేవు.
ఒకదానికి బొటనవేలి గుంట లోతు,
ఒకటి ఎడమచేతి వాటం,
ఒకదానికి చుట్టిన గుడ్డపీలిక మీద
ఇంకా పోని నీలం పువ్వులు.
"తర్వాత లిస్బన్‌లో నాలుగేళ్ళు నాకు రాయి చెక్కడం నేర్పారు.
వీళ్ళు ఉలి లేకుండానే చెక్కారు"
అంది ఎప్పుడో, ఎవరో అడిగితే, విసుగ్గా.

అక్కణ్ణించీ అంతా బేరమే.
తలుపు తట్టేది, తిన్నగా వంటింట్లోకి నడిచేది.
పాత పిడి నాకివ్వండి, కొత్తది చెక్కిస్తాను.
చెయ్యి చాపమనేది. గీతలు చూడ్డానికి కాదు,
అరచేతిలో మైనం ముద్ద పెట్టి
పట్టుకోండి, పాలు పొంగుతున్నప్పుడు పట్టుకున్నట్టు, అనేది.
వారానికి ఆలివ్ చెక్కతో తిరిగొచ్చేది.
పాత సామాన్లవాడు కూడా
ఇంత నష్టానికి బేరం చెయ్యడని వీధంతా నవ్వింది.

పిడులు మాత్రం దేశాలు తిరిగాయి.
తెల్లగోడ, ఒక మేకు, ఒక దీపం.
వస్తువుల మౌనం అని రాశారు పండితులు.
"మౌనమా? అది మా ఇసౌర పెనం పిడి,
ఆవిడ వంట చేస్తుంటే మూడిళ్ళకి వినపడేది" అంది.
పిడికిలి విప్పితే మిగిలేది పిడికెడు,
ఆ పిడికెడే తన పని అనుకున్నట్టుంది.

ఈ అక్టోబర్‌లో పెద్ద ప్రదర్శన. ఆమెకి డెబ్బై ఆరు.
మా డైరెక్టర్‌కి ఆలస్యంగా తట్టింది:
మన దగ్గరున్నవన్నీ ఆమె చెక్కనివి.
మరి చెక్కినవేవీ?
చెక్కుబుక్కిచ్చి నన్ను పంపారు.

రెండో అంతస్తు. ఫెలిస్మీన తవొర. తొంభై దాటింది.
పొయ్యి మీద క్యాబేజీ సూపు,
అందులో గరిటె, దానికి గ్రాసియేత్ పిడి.
నూనె తాగి నల్లబడింది, ఒక పక్క కాలింది.
అంకె చెప్పాను. మళ్ళీ చెప్పమంది. చెవుడు కాదు.
నవ్వి గరిటె నా చేతికిచ్చింది,
"తిప్పు, అడుగంటుతోంది."

బొటనవేలు ఎక్కడ పెట్టినా
అది మరొకరి చోటే.
నిద్రపోతున్నవాళ్ళ మంచం మీద
అంచున కూర్చున్నట్టుంది.
అయినా తిప్పాను. ఉడికేదాకా తిప్పాను.
తాగి తీసుకెళ్ళు అంది.
తాగాక, రేపటికి శనగలు నానబోసింది,
గరిటె లేకపోతే ఎలా అంది.

పదకొండు ఇళ్ళు తిరిగాను ఆ వారం.
ఒకచోట ఉల్లిపాయలు తరిగాను.
ఒకచోట వాన, గొడుగు ఇవ్వనన్నారు,
మెట్రో దాకా మాత్రం దింపారు.

ఖాళీ చేతులతో గ్రాసియేత్ దగ్గరికెళ్ళి
జరిగిందంతా చెప్పాను.
ప్రదర్శన గురించి ఒక్కమాట అడగలేదు.
"ఫెలిస్మీన గరిటె ఏ పక్క కాలింది?"
ఎడమ పక్క.
"అయితే మణికట్టు ఇంకా నొప్పే.
పొయ్యి మీదికి వాల్చి పట్టుకుంటోంది."
బల్ల కింద చెక్కముక్కలు వెతకడం మొదలెట్టింది.

ఫారంలో వెల గడి ఖాళీగానే ఉంది.
డైరెక్టర్ రెండుసార్లు అడిగారు.